ఓడిపోయిన ఇంట్లో మార్గరీటా

మా ఆయన సర్పంచి ఎన్నికలో ఓడిపోయిన మూడో రోజు మధ్యాహ్నం, ప్రొద్దుటూరులో మా వంటింట్లో నేనూ మా ఆడబిడ్డా కలిసి మార్గరీటా అనే మందు కలుపుకున్నాం. అప్పటికి నాకు నలభై నాలుగేళ్లు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. ఆల్కహాలు ఫార్ములాను ఇరవై ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్నానే గాని, నోట్లో పోసుకున్నది ఆ రోజే.

మా ఆయనకు ప్రొద్దుటూరులోనే విత్తనాలు, పురుగుమందుల షాపు ఉంది. సొంతూరు జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె, మా ఓట్లన్నీ ఇంకా అక్కడే. మా మామ ఒకప్పుడు ఆ ఊరికి సర్పంచి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయనగానే ఊరి నుంచి పదిమంది షాపుకొచ్చి, మీ నాయన కూర్చున్న కుర్చీ వేరేవాళ్లకు ఎందుకు పోవాలని అడిగారు. మా ఆయన ఎవరికీ వద్దని చెప్పలేని మనిషి. షాపులో అప్పు ఇవ్వనని బోర్డు పెట్టుకుని, దాని కిందే కూర్చుని అప్పిస్తారు. వాళ్లకు కాఫీలు తాగించి, ఆలోచిస్తానన్నారు. వాళ్లు ఊరికి పోయేలోపే ఆయన నిలబడుతున్నాడని ఊరంతా తెలిసిపోయింది.

ఇంటికొచ్చి మా అత్తను అడిగారు. ఆమె బట్టలు మడత పెడుతూ, నీ ఇష్టం నాయనా అంది. నన్ను అడిగారు. నేను కూడా మీ ఇష్టం అన్నాను. వద్దంటే ఆయన ఆగిపోతారని నాకు తెలుసు. తర్వాత ఊరివాళ్ల ముందు, పెండ్లాం వద్దనింది అని చెప్పుకోవాల్సి వస్తుందని కూడా తెలుసు.

ఆ మూడు వారాలు మా ఇల్లు మాది కాదు. తెల్లారి ఐదింటికే గుమ్మం ముందు చెప్పులు నిండేవి. పెద్ద గిన్నెలో టీ కాగుతూనే ఉండేది. గట్టిగా మాట్లాడటమే తెలియని మా ఆయన, ఫోను మోగితే గొంతు ఇంకా తగ్గించి మిద్దె మీదికి పోయేవారు. ఏమైందని అడిగితే, ఏం లేదనేవారు. పోటీలో ఉన్న అవతలి మనిషి మాకు దూరపు చుట్టమే, వరసకు మా ఆయనకు అల్లుడవుతాడు. వాళ్లావిడ కూరగాయల మార్కెట్లో నన్ను చూసి ముఖం తిప్పుకుంది. ఆ రోజు సంచిలో ఏం వేసుకొచ్చానో కూడా గుర్తులేదు.

పోలింగుకు నాలుగు రోజుల ముందు మా ఆడబిడ్డ బెంగుళూరు నుంచి దిగింది. మా ఆయనకంటే తొమ్మిదేళ్లు చిన్నది. అక్కడ ఒక పెద్ద హోటల్లో బారులో పనిచేసేవాళ్లకు పని నేర్పిస్తుంది. ఆ సంగతి మా అత్తకు తెలుసు గాని, ఎవరైనా అడిగితే హోటల్లో మేనేజరు అని చెప్తుంది. తన ఓటు కూడా ఊళ్లోనే ఉంది. ఓటు వేయడానికి వస్తూ బ్యాగులోంచి రెండు సీసాలు తీసింది. ఒకటి నురగ పొంగే స్పార్క్లింగ్ వైన్. ఇంకొకటి చిన్నది, టెకీలా అనే ఘాటు మందు. అన్న గెలవంగానే మనమిద్దరం మార్గరీటా చేసుకుందాం వదినా అని నా చేతిలో పెట్టింది.

ఎన్నికల కోడ్ ఉంది. దారి పొడవునా కార్లు ఆపి తనిఖీ చేస్తున్నారు. అంతకు ముందు రోజే పులివెందులలో మా అన్న తోట నుంచి మాకు వస్తున్న చీనీకాయల, అదే బత్తాయిల మూటను రోడ్డు మీద విప్పించి, ఒక్కొక్క కాయా కదిపి చూశారట. ఇప్పుడు పోటీ చేసే మనిషి ఇంట్లోనే మందు సీసాలు. ఎవరి కంట పడినా ఓటర్లకు పంచడానికి దాచారంటారు. పాత చీరలో చుట్టి రెండింటినీ బియ్యం డ్రమ్ములోకి తోసేశాను. ఆ నాలుగు రోజులూ బియ్యం తీయడానికి చేయి పెడితే సీసా మెడ తగిలేది. ఒక రోజు పక్క ఇంటివాళ్ల బైకు గొడవ మీద పోలీసులు మా వీధిలోకి వస్తే, నేను పోయి డ్రమ్ము మూత మీద కూర్చున్నాను. ఆడ ఎందుకు కూర్చున్నావని మా అత్త అడిగింది. కాళ్ల నొప్పి అత్తా అన్నాను.

ఊరి బడిలో లెక్కింపు. సాయంత్రం ఏడింటికి మా ఆయన ఫోను చేశారు. "ఓడిపోయినాం. నలభై ఒక్క ఓటు తేడా," అన్నారు. అన్నానికి వస్తారా అని అడిగాను. వస్తానన్నారు. ఫోను పెట్టేశాక చూసుకుంటే, మూడు వారాలుగా బిగబట్టుకున్న నా భుజాలు కిందికి దిగినాయి. నవ్వు వస్తుందో ఏడుపు వస్తుందో తెలియక పెరట్లోకి పోయి, బట్టలు ఆరేసే తీగ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. మొగుడు ఓడిపోతే సంతోషపడిన ఆడదాన్ని నేనొక్కదాన్నేనేమో అని సిగ్గుపడ్డాను. మా అత్త మాత్రం, ఓడిపోయినాడా అని రెండుసార్లు అడిగి, నిజమేనని తేలాక తిని పడుకుంది. మూడు వారాల తర్వాత ఆమె గురక విన్నాను.

మా ఆయన రెండు రోజులు గడ్డం గీసుకోలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా వచ్చేసారి చూసుకుందామని చెప్పి పోయారు. ఆ మాట విన్న ప్రతిసారీ నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయేదాన్ని. మూడో రోజు పొద్దున, ఊళ్లో కట్టిన ఫ్లెక్సీలు విప్పించాలని ఆయన బయల్దేరారు. సాయంత్రం గాని రానన్నారు.

మా ఆడబిడ్డ డ్రమ్ములోంచి సీసాలు తీసి అప్పటికే ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక పెట్టేసింది. ఇప్పుడెందుకమ్మా, బాగుండదు అన్నాను.

"గెలిస్తే తాగుదామనుకుంటిమి. ఓడిపోతే పారబోయల్లని యాడ రాసిండాది వదినా?" అంది.

పనిలోకి దిగితే ఆ పిల్ల వేరే మనిషి. దీనికి నారింజ లిక్కరు ఒకటి కావాలట. అది లేదు. దాని బదులు చీనీకాయ తొక్కును పచ్చగా తురిమి, చక్కెరలో వేసి వేళ్లతో నలిపింది. చక్కెర తడిసి వంటిల్లంతా తోట వాసన కమ్మింది. అందులో చీనీరసం పోసి కరిగించింది. నిమ్మరసం నన్ను పిండమంది. కాలేజీలో పిల్లలకు చూపించడానికి కొన్న కొత్త కొలజాడీ ఇంట్లో ఉంటే తెచ్చాను. టెకీలా అరవై మిల్లీలీటర్లు, నిమ్మరసం ముప్పై, చీనీ పాకం ముప్పై. ఇద్దరికీ కలిపి అంతే. నేను ఒక కన్ను మూసి గీత చూస్తుంటే నవ్వింది. మాకు పాయసం పోసుకునే గాజు కప్పులు తప్ప వేరే గ్లాసులు లేవు. వాటి అంచుకు నిమ్మచెక్క రుద్ది, ప్లేటులో పోసిన ఉప్పు మీద బోర్లించింది. ఉప్పులో చిటికెడు కారం కలిపింది నేనే. చీనీకాయకు ఉప్పూ కారం లేకుంటే పులివెందులలో ఎవరూ తినరు.

స్టీలు వాటర్ బాటిల్లో అన్నీ పోసి, ఐసుముక్కలు వేసి, మూత బిగించి ఊపడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు మా అత్త నిద్ర లేచి వచ్చింది.

"ఏంది, మజ్జిగ చిలుకుతాండారా?"

నేను ఏదో ఒకటి చెప్పేలోపు మా ఆడబిడ్డ, "మందు కలుపుతాండాం మా," అనేసింది.

మా అత్త ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. తిడుతుందనుకున్నాను. కప్పుల వైపు చూస్తూ చెప్పింది.

"మీ నాయన గెలిచిన దినం వీధంతా టపాకాయలు కాల్చినారు. ఆ పొద్దు నుంచి దినామూ, ఆయప్ప జీపు ఇంటి ముందర నిలబడే దాంక, మనిషి వస్తాడో రాడో అని నాకు ముద్ద దిగలే."

"మరి అన్నకు వద్దని యాల చెప్పలేదుమా?"

"చెప్తే అమ్మ మాటకు ఆగిపోతినే అని బతికినన్నాళ్లు అనుకుంటాడు. ఓటు వానికే వేసినా. వేసి, దేవునికి మాత్రం వేరే మాట చెప్పుకున్న్యా."

నేను వంటగట్టుకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాను. ఇన్నాళ్లూ ఆమెకు కొడుకు గెలవాలని ఉందనుకున్నాను. నాకు మొగుడు గెలవాలని ఉందని ఆమె అనుకుందట.

మా ఆడబిడ్డ వైన్ సీసా మూతకున్న తీగ విప్పింది. బిరడా మీద తువ్వాలు వేసి పట్టుకుని, సీసాను తిప్పుతూ పోయింది. పెద్ద చప్పుడు చేస్తే పని రానట్టు లెక్కట. కుక్కరు వెయిటు కొంచెం ఎత్తినప్పుడు వచ్చే చప్పుడొచ్చింది, అంతే. కలిపినదాన్ని కప్పుల్లోకి వడగట్టి పైన వైన్ పోస్తుంటే, బుడగలు ఉప్పు అంచు దాకా లేచి అణిగినాయి.

అప్పుడే మా ఆయన వంటింటి గుమ్మంలో కనబడ్డారు. మేం ఎవరమూ బండి చప్పుడు వినలేదు. చుట్టిన ఫ్లెక్సీ చంకలో ఉంది. నేను లేచి నిలబడ్డాను. ఆయన ముందు కప్పులు చూశారు, తర్వాత అమ్మను చూశారు.

"ఏంది అది?"

"మార్గరీటా అన్నా. నువ్వు గెలిస్తే తాగల్లని తెచ్చినా."

"ఓడిపోతి కదా."

"అందుకే మూడు దినాలు ఆలస్యమైంది."

ఆయన నవ్వారు. అంతగా నవ్వడం ఎన్నికల మాట మొదలైనప్పటి నుంచి నేను చూడలేదు. ఫ్లెక్సీ గోడకానించి నేల మీద మా పక్కనే కూర్చున్నారు. ఊళ్లో సంగతులు చెప్పారు. గెలిచినాయన ఇంటి ముందు పొద్దున్నుంచి జనమేనట. పైపు పగిలిందని ఒకరు, పింఛను రాలేదని ఒకరు, పొలం గట్టు తగాదా తెంచమని ఇద్దరు. ఆయన నోట్లో బ్రష్షు పెట్టుకునే వాళ్లకు జవాబులు చెప్తున్నాడట. మా ఆయన్ను చూసి పక్కకు పిలిచి కాఫీ ఇప్పించి, నువ్వు తప్పించుకున్న్యావు మామా అన్నాడట.

"నువ్వేమన్నావు?" అని మా అత్త అడిగింది.

"ఏమంటా. ఇంకో కాఫీ అడిగితి." నా వైపు తిరిగారు. "ఆ నలభై ఒకటి అని మైకులో చెప్పంగానే, నాకు ముందు ఆకలైంది. మూడు వారాల్లో అదే మొదలు. మీరంతా బాధపడతాండారు కదా అని చెప్పలే."

ఆ రెండు రోజులు గడ్డం గీసుకోకపోవడం ఎందుకని అడిగాను. ఓడిపోయినవాడు నున్నగా గీసుకుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు అన్నారు.

రెండు కప్పులకు కలిపినది మూడింటికి పంచాం. మా అత్తకు ఉత్త చీనీరసం, అదే ఉప్పూ కారం అంచుతో. నా మొదటి గుటకకు పెదవి మీద ఉప్పు, తర్వాత పులుపు, ఆ వెనకే ముక్కులోకి ఎక్కే బుడగలు. గొంతులో మంట అవుతుందనుకున్నాను. కాలేదు. చల్లగా దిగింది. ఇంత భయపడింది దీనికేనా అనిపించింది. మా ఆయన ఒక గుటక వేసి, షాపులో అమ్మే మందుల కంటే నయమే అన్నారు. మా ఆడబిడ్డ అలిగి కప్పు లాక్కోబోతే ఇవ్వలేదు.

కప్పులో సగం వదిలేశాను, తల కొంచెం తేలినట్టుంటే. అన్నాలు తిన్నాం. రసంలోకి కూడా ఆయన మళ్లీ అన్నం పెట్టించుకున్నారు. తిని హాలులో చాప మీద అలాగే నిద్రపోయారు. నాలుగింటికి ఆయన ఫోను మోగితే నేనే తీశాను. వీరపునాయునిపల్లె నుంచి ఎవరో రైతు. శనగ విత్తనాలు ఉండాయా, షాపు యాల మూసినారని అడిగాడు. రేపు పొద్దున తొమ్మిదికి తీస్తారు, రాప్పా అని చెప్పాను.