చీనీ నూనె, థర్మకోల్ నెమలి

అసూయ మనిషిని లోలోపలే కరిగిస్తుందంటారు. నాది బయటికొచ్చి, ఆళ్లగడ్డలో రెండు కుటుంబాల ముందు ఒక నిలువెత్తు నెమలిని కరిగించింది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు ఎలాగూ అందరూ నవ్వారు.

నేను నంద్యాలలో రసాయనశాస్త్రం పాఠాలు చెబుతాను. ఆళ్లగడ్డలోని మా మామగారికి ముగ్గురు ఆడపిల్లలు, కొడుకుల్లేరు. కాబట్టి మూడో అమ్మాయి నిశ్చితార్థంలో తాంబూలాల పళ్లెం పట్టుకుని ఆయన పక్కన నిలబడవలసింది పెద్దల్లుడు. అంటే నేను. కానీ మామగారి నోట ఎప్పుడూ రెండో అల్లుడు చంద్ర పేరే. "చంద్ర తెచ్చినాడు, చంద్ర చేసినాడు" అని ఒకటే జపం. ఈసారి వేదిక మీదికి ఆ చంద్ర తన చేతులతోనే థర్మకోల్ నెమలిని కోసి, రంగులేసి నిలబెట్టాడు. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. అదే నా కడుపుమంట.

నేను ఊరుకుంటానా? బస్టాండు దగ్గర జ్యూస్ బండి నుంచి గోనెసంచెడు చీనీ తొక్కలు, అదే, బత్తాయి తొక్కలు తెచ్చి, ల్యాబులో ఆవిరి పట్టి, నూనె తీసి స్ప్రే సీసాలో నింపుకున్నాను. పన్నీటికి బదులు అదే చల్లుతూ, అడగనివాళ్లకు కూడా చెప్పాను.

"ఈ వాసనంతా లిమొనీన్ మహిమ. చీనీ తొక్కలో ఉంటుంది. నేనే తీశాను!"

అందరూ "బాగుందిలే సార్" అని నెమలి దగ్గరికి ఫోటోలకు పోయారు. మామగారైతే, "వాసన బాగుందిగానీ పెద్దల్లుడా, కొంచెం జరుగప్పా. నెమలి కనబడల్ల" అన్నారు.

నా ఒళ్లు భగ్గుమంది. అందరికీ నెమలే కావాలంటే, ఆ నెమలి కూడా నా వాసనే కొట్టాలి! పెళ్లికొడుకువాళ్లు ఇంకా రాలేదు. మావాళ్లంతా టిఫిన్ల దగ్గరున్నారు. సీసాలో మిగిలిందంతా నెమలి మెడకు పట్టించాను.

కాసేపటికి నెమలి తల వంచింది. వినయమనుకున్నాను. తర్వాత మెడ నిండా గుంటలు పడ్డాయి. ఆ తర్వాత ముక్కు జారి ఛాతీ మీదికొచ్చింది. సరిగ్గా అప్పుడే పెళ్లికొడుకువాళ్ల కార్లు వచ్చాయి.

"ఏందప్పా ఇదీ! నెమలి కోడైపోతాంది!" అని మామగారు కేకేశారు.

నా భార్య సుజాత పరుగెత్తుకొచ్చి నెమలిని వాసన చూసింది. తర్వాత నన్ను వాసన చూసింది.

"ఏం చల్లినావయ్యా దీనికి?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. నేనైతే భుజాలు, చేతులు, రుమాలు అన్నీ చీనీ వాసన కొడుతూ నిలబడ్డాను.

"చదువు చెప్పేవానివి, అది కరుగుతాదని నీకు తెల్దా?" అన్నారు మామగారు.

తెలుసు. లిమొనీన్‌లో థర్మకోల్ నీళ్లలో చక్కెరలా కరుగుతుందని ఏటా పిల్లలకు చెప్పేది నేనే. కడుపు మండేటప్పుడు పాఠాలు గుర్తుకు రావు.

అంతలో చంద్ర వచ్చాడు. "పోనీలే మామా, అన్న మంచికే చేసినాడు. మెడ తీసేసి పూలు కప్పుదాం. బేగా రండి!"

తిట్టినా బాగుండేది. నన్ను క్షమించి ఆ మెప్పు కూడా అతనే కొట్టేశాడు. పూలతో అయిదు నిమిషాల్లో వేదిక మళ్లీ కళకళలాడింది. తాంబూలాల వేళకు మామగారు పిలిచారు.

"రాప్పా చంద్రా, పళ్లెం పట్టుకో. పెద్దల్లుడా, నువ్వు రావాకు. ఆడ్నే నిలబడు. ఈడ పేర్లు రాసిన థర్మకోల్ అక్షరాలు ఇంకా ఉండాయి."

అందుకని, నేను తిన్న చీనీకాయలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చంద్ర చేసిన వస్తువు మీద ఈ జన్మలో ఇక చుక్క కూడా చల్లను. మొన్న తన ఇంటి గృహప్రవేశానికి అతను ఇనుప నెమలి చేయించాడు. అదీ చాలా బాగుంది. ఇనుమును ఏది కరిగిస్తుందో నాకు తెలుసు. అది మా ల్యాబులో ఏ అరలో ఉందో కూడా తెలుసు. అయినా, ఒట్టంటే ఒట్టే.