సోమవారం గేటు దగ్గర మేనేజరు గారు

మొన్న కుట్టు కేంద్రానికి నడిచి వెళ్తుంటే పత్తి బోరాల లారీ ఒకటి పక్కనుంచి పోయింది. వెనకే దాని వాసన. ఎండుటాకుల పొడి, గింజల్లోని నూనె కలిసిన వాసన అది. అలవాటు లేనివాళ్ళు దుమ్మనుకుని ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం రోడ్డు వార నిలబడి, లారీ మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయాను. ఎనభైలలో నరసరావుపేటలో నేను పనిచేసిన జిన్నింగ్ మిల్లు గుర్తొచ్చింది. మిల్లు గుర్తొస్తే మేనేజరు పాండురంగారావు గారు గుర్తుకు రాకుండా ఉండరు.

మాది నకరికల్లు. పెళ్ళయ్యాక పేటకు వచ్చాను. మా ఆయన రాతి పని చేసేవాడు. పదో తరగతి చదివానని నన్ను మిల్లులో ఆడవాళ్ళ మీద మేస్త్రీగా పెట్టారు. మిషన్లో పత్తి వేస్తే ఒక పక్క దూది, మరో పక్క గింజలు పడతాయి. ఆ పత్తి వేసే పని ఆడవాళ్ళది. నేను చేరినప్పుడున్న మేనేజరు గొప్ప మాటకారి. ఆయన మాట్లాడుతుంటే చప్పట్లు కొట్టబుద్ధయ్యేది. తీరా ఇంటికి పోయే దారిలో "ఇంతకీ ఏం చెప్పాడే?" అని ఒకరినొకరం అడుక్కునేవాళ్ళం. ఆయన వెళ్ళిపోయాక పాండురంగారావు గారు వచ్చారు. బక్కపలచని మనిషి, మెత్తని గొంతు. దానికి తోడు నత్తి.

వచ్చిన రోజునే మిషన్లన్నీ ఆపించి మమ్మల్ని పిలిచారు. ఆయన గొంతు ఆ మోతలో వినపడదు మరి. "కొం... కొం... కొంగులు దోపుకోండమ్మా. బెల్టు లాగేస్తుంది" అన్నారు. అంతే, ఇంకేం లేదు. నా పక్కనున్న నాగేంద్రమ్మత్త నోరు ఊరుకోదు. "ఈయన నోట్లోంచి మాట ఊడిపడేలోగా పొద్దుగూకుద్దే" అని గొణిగింది. ఆయనకు వినపడనే వినపడింది. కోపం తెచ్చుకోకుండా నవ్వారు. "అందుకేనమ్మా, తక్కువ మాటలు చెబుతా. ఇప్పుడు నేనేం చెప్పానో నువ్వు చెప్పు" అన్నారు. "కొంగు దోపుకోమన్నారు. లేకపోతే బెల్టు లాగిద్దన్నారు" అంది అత్త. "అదీ" అన్నారాయన. అర్థమైందా అని ఎప్పుడూ అడిగేవారు కాదు. అలా అడిగితే అర్థం కాకపోయినా తలూపుతామని ఆయనకు తెలుసు. మాట ఎక్కడన్నా తట్టుకుంటే మాలో ఎవరో ఒకరం తొందరపడి అందించేవాళ్ళం. తప్పు అందిస్తే తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టేవారు. చివరికి తను చెప్పదలచుకున్నదే చెప్పేవారు.

ఆ తరవాత యజమానులైన అన్నదమ్ములిద్దరికీ చెడింది. పంపకాల గొడవ కోర్టుకెక్కింది. పత్తి వచ్చే రోజుల ముందు మిల్లు మూతపడింది. ఆ సాయంత్రం మేనేజరు గారు మమ్మల్ని గేటు బయట నిలబెట్టి చెప్పారు. "మిల్లు మూశారు. ఎప్పుడు తెరుస్తారో నాకు తె... తెలియదు. సోమవారం పొద్దున ఇక్కడికొస్తా. ఏం తెలిస్తే అది చెబుతా."

సోమవారం వచ్చారు, "తెలియదు" అని చెప్పారు. ఆ పై సోమవారమూ అంతే. సైకిలు స్టాండు వేసి, జేబు రుమాలుతో ముఖం తుడుచుకుని, "ఇవాళ చెప్పటానికి ఏం లేదమ్మా" అన్నారు. నాగేంద్రమ్మత్తకు ఒళ్ళు మండింది.

"ఏం లేదని చెప్పటానికి ఇంత ఎండలో పడి రావాలా అయ్యా?"

"నేను రాకపోతే మీరే ఏదో ఒకటి అనుకుంటారు గదమ్మా. అది ఉన్నదానికంటే భయంగా ఉంటుంది" అన్నారు.

నిజమే. ఊళ్ళో అప్పటికే రకరకాలుగా చెప్పుకుంటున్నారు. మిల్లు అమ్మేశారని ఒకళ్ళు, పడగొట్టి సినిమా హాలు కడతారని ఇంకొకళ్ళు. మా ఇంట్లో అదే రగడ. మాచర్ల వైపు రాళ్ళ పని దండిగా ఉందట, ఇల్లు ఖాళీ చేసి పోదామని మా ఆయన పట్టుబట్టాడు. పోతే పిల్ల చదువు మధ్యలో ఆగిపోతుంది. ఉంటే నా పని సంగతి తెలియదు. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. అలా నెల గడిచాక, ఒక సోమవారం ఇక ఉండబట్టలేక అందరి ముందూ అడిగేశాను.

"అమ్మేశారంట గదండీ. నిజమేనా? మేం ఉండాల్నా, పోవాల్నా?"

ఆయన నా వైపే చూసి నిదానంగా చెప్పారు. "ఆ మాట నేనూ విన్నా. నిజమో కాదో కనుక్కుంటా. వేరే పని దొరికినవాళ్ళు వెళ్ళండి. నేను ఆగమంటే మాట ఇచ్చినట్టు. నా చే... చేతిలో లేని మాట నేనివ్వలేను."

ధైర్యం చెబుతారని వెళ్ళాను. ఆయన చెప్పింది అది కాదు. అయినా ఇంటికి వెళ్ళి మా ఆయనతో "ఇంకొక్క సోమవారం చూద్దాం" అన్నాను. "ఏం చెప్పాడని?" అన్నాడు. "ఏం చెప్పలేదు. ఉత్తమాట కూడా చెప్పలేదు" అన్నాను. మా ఆయన కట్టిన మూట విప్పాడు. ఆ రాత్రి చాలా రోజుల తరవాత నిద్రపోయాను.

పై సోమవారం గేటు దగ్గర ఎప్పటికంటే ఎక్కువమంది చేరారు. కొందరు పొరుగు మిల్లుల్లో పని మానుకుని మరీ వచ్చారు. మేనేజరు గారు సైకిలు దిగారు. ముఖంలో ఏమీ కనపడలేదు. గొంతు సవరించుకున్నారు.

"మిల్లు తె... తె... తె..."

అక్కడే ఆగిపోయింది. ఇన్ని వారాలుగా ఆ అక్షరంతో మేం విన్న మాట ఒక్కటే, తెలియదు. అది కాకపోతే తెరవరు అనే అయ్యుండాలి. ఎవరూ మాట అందించలేదు. నాగేంద్రమ్మత్త నా చెయ్యి పట్టుకుంది, గాజులు గుచ్చుకున్నాయి. ఆయన కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చి, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టారు.

"మిల్లు తె... తెరుస్తున్నారమ్మా. గురువారం నుంచి. ముందు ఒకటే షిఫ్టు, వంతులేసుకుని రావాలి. కూలి తగ్గుతుంది కొన్నాళ్ళు. కానీ ఎవరినీ తీసెయ్యరు. ఈ మాట ఇద్దరన్నదమ్ముల నోటా నేను విన్నా."

అత్త అక్కడే చతికిలబడి ఏడ్చింది. ఏడుస్తూనే, "చంపేశావు గదయ్యా ఆ మొదటి ముక్కతో!" అంది. అందరం నవ్వాం. ఆయనా నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూ. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "గురువారం ఎన్నింటికి రావాలో చెప్పండి చూద్దాం" అన్నారు. ఆయన అసలు టైము చెప్పనే లేదు. ఆ మాటే అరిచాం. "అవును గదూ" అని తల మీద కొట్టుకుని, అప్పుడు చెప్పారు.

కొన్నేళ్ళకు ఆయన వేరే ఊరు వెళ్ళిపోయారు. తరవాత కబురు తెలియలేదు. పదిమంది ముందు నోరు విప్పాలంటే ఆయనకు ఎంత కష్టమో, వారం వారం ఆ కష్టాన్ని మా కోసం ఎందుకు మోశారో అప్పట్లో నాకు తట్టలేదు. కుట్టు కేంద్రం నా చేతికి వచ్చి, నలుగురికి నేనే పని చూపాల్సి వచ్చాక తెలిసింది. మంచి కబురు చెప్పటానికి ఎవరైనా పరిగెత్తుకుంటూ వస్తారు. ఏ కబురూ లేని రోజున మనుషుల ముఖాల్లోకి చూడటమే కష్టం.

ఈ ఏడు మా కుట్టు కేంద్రానికి స్కూలు యూనిఫారాల ఆర్డరు ఆగింది. అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. "ఆర్డరు ఆగింది. మళ్ళీ వస్తదో రాదో నాకు తెలియదు. శుక్రవారం వచ్చి చెబుతా."

కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. "శుక్రవారానికి కూడా తెలియకపోతే ఏం చెబుతారక్కా?"

"తెలియలేదని చెబుతా."

ఆ పిల్ల సంచీ సర్దుకుని లేచింది. "అయితే శుక్రవారం వస్తా" అంది.