తాళం గుంజి చూసే మనిషి

కంకిపాడులో ఉండే రిటైర్డ్ లైబ్రేరియన్ మల్లికార్జునరావుగారు ఏ తాళం వేసినా గుంజి చూస్తారు. నాలుగడుగులు వేశాక వెనక్కొచ్చి మళ్లీ గుంజుతారు. భార్య పోయాక ఆ అలవాటు ముదిరింది. ఇన్నాళ్లూ పాస్‌వర్డ్ లేని వైఫైకి కూడా ఆమధ్య తాళం వేశారు. లాప్‌టాప్‌లో చూస్తే తన ఫోను కాక ఇంకో ఫోనేదో కలిసి ఉంది. "ఎవడో దొంగ వాడేస్తున్నాడు!" అంటూ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, సెట్టింగుల్లోకి వెళ్లి పాస్‌వర్డ్ పెట్టారు. కావాలని తప్పు పాస్‌వర్డ్ కొట్టి, అది లోపలికి రానివ్వకపోతే తృప్తిపడ్డారు.

మర్నాటి నుంచి పక్కింటి తెరేసమ్మ రాలేదు. రోజూ సాయంత్రం ఆయన వీధి మెట్ల మీద కూర్చుని, హైదరాబాదులో నర్సుగా చేసే కూతురితో వీడియోలో మాట్లాడేది. గాలి కోసం వస్తుందనే అనుకున్నారాయన. మధ్యలో ఫోను ఇటు తిప్పి, "అన్నయ్యగారూ, మా ఏంజెల్ మిమ్మల్ని అడుగుతందండీ" అనేది. రోజు మొత్తంలో ఆయనకు అదొక్కటే పలకరింపు. వారం తర్వాత కూరగాయల బండి దగ్గర కనిపిస్తే, "రావట్లేదేమ్మా?" అన్నారు.

"మీ నెట్‌కి తాళం గుర్తు పడింది కదండీ. రావొద్దని కామోసు అనుకున్నా," అంది సంచిలోకి చూస్తూ.

"అయ్యో, అది నీ ఫోనని తెలీదమ్మా! పాస్‌వర్డ్ చెబుతాను, రా."

"పర్లేదండీ. ఏంజెల్ నా ఫోన్లో డేటా వేయించిందిలెండి."

ఇంటికొచ్చి ఆయన పాస్‌వర్డ్ తీసేశారు. ఇప్పుడు సాయంత్రం కాగానే లాప్‌టాప్ తెరిచి, ఎవరైనా కలిశారేమోనని చూస్తారు. తన ఫోనొక్కటే ఉంటుంది. మూసేసి, నాలుగడుగులు వేశాక వెనక్కొచ్చి మళ్లీ తెరుస్తారు.