మండలం దాటిన సోమవారం

సోమవారం పొద్దున్నే ముర్తుజా తెల్ల చొక్కా తొడుక్కుని గడపలో నిలబడ్డాడు. భార్య జహేదాకు ఒళ్లు మండింది.

"యాడికి?"

"ఠాణాకు. సంతకం జెయ్యాలె గదా."

అతను అమ్ముకున్న పాత ఫోన్ చేతులు మారి ఏదో కుట్ర కేసులో దొరికింది. ఉగ్రవాద నిరోధక చట్టం కింద అతన్నీ పట్టుకుపోయారు. ఆ చట్టంలో బెయిలు దొరకడమే గగనం. ఏళ్లకు దొరికిన బెయిలుకు రెండు షరతులు: సోమవారం సోమవారం ఠాణాలో సంతకం పెట్టాలి, శామీర్‌పేట మండలం దాటకూడదు. అప్పటినుంచి పుదీన మడులు చూసుకుంటూ ఆ హద్దులోనే బతికాడు. కూతురు ఆతియా కాపురం పక్క మండలంలోని గుండ్లపోచంపల్లిలోనే అయినా, ఆమె ఇంటిని ఫోన్‌లో చూడటమే.

మొన్న గురువారం అతను నిర్దోషి అని కోర్టు తేల్చింది.

"కేసు కొట్టేసిన్రు. ఇగ ఏం సంతకం?" అని జహేదా కసిరింది. ఆ వెంటనే మెత్తబడి, అతని కాలరు సరిచేసి, కూతురింటికి పోదామని నాలుగు పుదీన కట్టలు సంచిలో వేసుకుని, అతన్ని ఆటో ఎక్కించి తనూ ఎక్కింది.

మండలం పొలిమేరలో ముర్తుజా ఆటో ఆపించి దిగిపోయాడు. రోడ్డు మీద గీతేమీ లేదు. అయినా అతని కాళ్లు ముందుకు పడలేదు.

"ఎవలకన్న జెప్పి పోవాలె గదా?"

నోటిదాకా వచ్చిన తిట్టును మింగేసి, జహేదా దిగి అతని చెయ్యి పట్టుకుంది.

"నాకు జెప్పు."

అతను బుద్ధిగా చెప్పాడు. "బిడ్డ ఇంటికి పోతున్న. పొద్దుగూకే యాళ్లకు వస్త."

"అంత జల్దీ ఎందుకు?" అంది జహేదా. "రాత్రికి ఆడనే పండుకుందాం."