అంటించని కవర్లు

పెళ్ళయి నర్సీపట్నం వచ్చిన నెల నుంచీ మా ఇంట్లో ఉత్తరాలు రాసే పని నాదే. అత్తగారికి చదువు రాదు, మామగారికి ఓపిక లేదు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని బంధువులు మెచ్చుకునేవారు. కొత్త సంవత్సరానికి గ్రీటింగు కార్డులు కొని, లోపల నాలుగు వాక్యాలు రాసి, కవర్లు అంటించి స్టాంపులు అతికిస్తుంటే ఆ ఇంటికి నేనే ముఖ్యమైన మనిషినని అనిపించేది.

తొంభైల మధ్యలో మా మరిదికి పెళ్ళయింది. తోడికోడలిది పాయకరావుపేట. వాళ్ళ నాన్న పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆ డిసెంబరులో నేను కార్డులు ముందేసుకుని కూర్చుంటే వచ్చి పక్కన చేరింది.

"అక్కా, కవరు అంటించకు. మూత లోపలికి దోపేసి, పైన బుక్ పోస్ట్ అని రాయి. తక్కువ స్టాంపుతో ఎల్లిపోద్ది."

"మరి లోపల రాసిందో?"

"శుభాకాంక్షలు, కింద సంతకం. అంతే. ఉత్తరంలాగా రాస్తే మాత్రం అందుకున్నోళ్ళ దగ్గర రెట్టింపు వసూలు సేస్తారు."

అత్తగారు బియ్యం ఏరుతూ వింటున్నారు. "ఇన్నేళ్ళూ ఈ సంగతి ఎవరూ సెప్పలేదు" అన్నారు. ఎవరూ అంటే నేనే.

అక్కడితో ఆగలేదు. విజయనగరంలో ఉన్న మనవరాలికి ఏటికొప్పాక లక్కబొమ్మలు పంపాలని అత్తగారి కోరిక. అంతకు ముందు నేను అట్టపెట్టెతో సహా పట్టుకెళ్ళి, చార్జీ విని వెనక్కి తెచ్చేశాను. తోడికోడలు ఆ పెట్టె తీసి పక్కన పడేసింది. బొమ్మల్ని పాత చీర ముక్కలో చుట్టి, సూదీ దారంతో బిగించి కుట్టింది. వీధి చివర కొట్లో తూయించి, బరువు కాస్త మించిందని మిగిలిన గుడ్డ అంచులు కత్తిరించింది. బొమ్మలు చెక్కుచెదరకుండా చేరాయి. "ఈ పిల్లకి పోస్టుమాస్టరు ఉద్యోగం ఇవ్వాల" అన్నారు మామగారు భోజనం చేస్తూ. ఆయనకి పప్పు వడ్డిస్తున్నది నేను. నా వైపు చూడలేదు.

ఆమె చేతిరాత కోడి గీకినట్టు ఉండేది. ఆ సంగతి ఇంట్లో ఒక్కరికీ పట్టకపోవడమే నన్ను ఎక్కువ మండించింది.

మరుసటి ఏడాది కార్డులన్నీ తనే సర్ది, పోస్టులో వెయ్యమని నాకిచ్చింది. కొయ్యూరులో ఉన్న మా పెద్దాడపడుచు కవరు పైనే ఉంది. ఆవిడ నోటికి ఇంటిల్లిపాదీ జడిసేవాళ్ళం. పోస్టాఫీసు మెట్ల మీద నిలబడి ఒక కాగితం ముక్క తీసి, "ఇక్కడ అందరం క్షేమం. మీ నడుంనొప్పి ఎలా ఉంది? పిల్లల చదువుల గురించి రాయగలరు" అని రాశాను. మడిచి ఆ కవరులో దోపాను. కార్డులన్నీ డబ్బాలో వేసేసి, వంకాయలు కొనుక్కుని ఇంటికి వచ్చాను.

పది రోజుల తర్వాత ఆడపడుచు బస్సు దిగి నేరుగా వచ్చింది.

"కొత్త సంవత్సరం పూట స్టాంపు సాల్లేదని నా సేత డ్యూ కట్టించారు. పోస్టుమేను వీధిలో నిలబెట్టి అడిగాడు. ఇరుగుపొరుగు ముందు నా పరువేటి కావాల?" అంటూ ఆ కాగితం మంచం మీద పడేసింది.

అందరూ తోడికోడలి వైపు చూశారు. ఆమె కాగితం తీసి చదివింది. నా గుండ్రటి అక్షరాలు. ఒక్కసారి నా మొహం కేసి చూసింది.

"రెండు ముక్కలు రాసి పెట్టమని అక్కని నానే అడిగాను వదినా. అలా పెట్టాక కవరు అంటించి పూర్తి స్టాంపు వెయ్యాల. నానే మరిసిపోయాను" అంది.

అత్తగారు ఆమెని నలుగురిలో కడిగేశారు. "ఇకనుంచి ఉత్తరాల పని పెద్దదే సూసుకుంటాది" అన్నారు. నేను కోరుకున్నది నాకు దక్కింది. ఆమె లోపలికి వెళ్ళి ఆడపడుచుకి కాఫీ పెట్టింది. నాకైతే అంత ఓర్పు లేదు. ఆ ఓర్పుని చూసి కూడా కుళ్ళుకున్నాను.

మూడు రోజులు ఆగలేకపోయాను. పెరట్లో ఇద్దరం బట్టలు ఆరేస్తున్నప్పుడు అడిగాను.

"నువ్వు నన్ను రాయమనలేదు కదా. ఎందుకలా సెప్పావు?"

"నిన్ను అందరి ముందూ నిలబెట్టేస్తే రేపు ఇద్దరం ఒక వంటింట్లో ఎలా తిరగాల?" చీర కొస దులుపుతూ అంది. దాన్ని తీగ మీద వేసి, "కోపం రాలేదనుకోకు. బాగా వచ్చింది. ఇంకెప్పుడూ అలా సెయ్యకు" అంది.

ఆ సాయంత్రమే అత్తగారికి జరిగింది చెప్పేశాను. ఆవిడ "అది నీకన్నా సిన్నది" అని మాత్రం అన్నారు.

ఫోన్లు వచ్చి కార్డులు తగ్గిపోయేదాకా ఆ పని ఇద్దరం కలిసే చేశాం. చిరునామాలు నేను రాసేదాన్ని, తూకాలూ స్టాంపులూ తను చూసేది. నా అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆమెని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఈనాటికీ కడుపులో మండుతుంది. ఈమధ్య ఆ మాట ఆమెకే చెప్పాను. "తెలుసులే అక్కా" అని నవ్వి, "బేగి రా, అన్నం సల్లారిపోద్ది" అంది.