ఏటిగట్టు దిగనన్న కారు

మొన్న మా అమ్మాయి తన కొత్త కారులో నన్ను అమలాపురం తీసుకువెళుతూ, స్టీరింగు వెనక వెలుగుతున్న అంకె చూసి మైలేజీ పడిపోయిందని విసుక్కుంది. సర్వీసు వాళ్ళకి ఫోను చేయాలంది. నేను మాత్రం బండి ఆగగానే దిగి, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వంగి, వెనక చక్రం మీద అరచెయ్యి ఆనించి చూశాను. గోరువెచ్చగా ఉంది, ఉండాల్సినట్టే. అందరూ చూస్తున్నారని మా అమ్మాయి సిగ్గుపడిపోయింది. వాళ్ళ నాన్నగారు కూడా ఒకప్పుడు ఇలాగే సిగ్గుపడ్డారు, పాపం. ఆ కథ చెబితే గొప్ప చెప్పుకుంటున్నాననుకుంటారేమో, అనుకోండి, ఫరవాలేదు, చెప్పుకోదగ్గ గొప్పే.

కొత్తపేటలో కారున్న ఇళ్ళు ఏవేవో ఊరందరికీ తెలిసిన రోజులవి. మా ఇంటికి కారు దర్జా కోసం రాలేదు. మా మావగారు వేదపండితులు. వారానికోసారి గోదావరి దాటి ద్రాక్షారామం వెళ్ళి, అక్కడ కొందరు విద్యార్థులకు పాఠం చెప్పి వచ్చేవారు. ఒక ఏడాది పెద్ద జబ్బు చేసి కుడికాలు పట్టు తప్పడంతో బస్సు మెట్టు ఎక్కలేకపోయారు. పాఠం మధ్యలో ఆగిపోయిందన్న బెంగతో ఆయనకి అన్నం కూడా సయించకపోతే, మా వారు చూడలేక, ఎవరో బాగా వాడి వదిలించుకున్న పాత పెట్రోలు కారొకటి కొన్నారు. మేమిద్దరం టీచర్లమే, ఆయన లెక్కలు, నేను సైన్సు. కారు కొనడానికి ఎలాగో చాలిన మా జీతాలు దాన్ని మేపడానికి చాలవని తరవాత తెలిసింది.

ద్రాక్షారామం వెళ్ళాలంటే ముక్తేశ్వరం రేవులో కారుని పంటు, అంటే బండ్లని దాటించే బల్లకట్టు పడవ, ఎక్కించి, అవతల కోటిపల్లి రేవులో దింపుకోవాలి. ఆ పంటు మీద మనుషులతో పాటు మోటారు సైకిళ్ళూ గేదెలూ అరటిగెలలూ అన్నీ ఉండేవి. మా వారికి ఈత రాదు. పైగా పంటు మీంచి ఏదో కారు నీళ్ళలోకి జారిపోయిందన్న కబురు ఎక్కడో విన్నారు, నిజమో కాదో దేవుడికెరుక. అప్పటినుంచీ పంటెక్కగానే హ్యాండ్ బ్రేకుని రెండు చేతులతో, పళ్ళు బిగించి, ఇంక రాదన్నంతవరకూ లాగేవారు. చాలని పంటు నడిపే సరంగు నవ్వుతూ చెప్పినా వినేవారు కాదు. అది చాలదన్నట్టు చక్రాల కింద రాళ్ళు పెట్టి, ఆ రాళ్ళకి కాపలా నిలబడేవారు. మా మావగారు వెనక సీట్లో కళ్ళు మూసుకుని జపం చేసుకునేవారు గానీ, ఆయన పెదవుల మీద నవ్వు నాకు కనిపిస్తూనే ఉండేది.

కొన్నాళ్ళకి కారు పెట్రోలు తాగడం మొదలుపెట్టింది. మామూలుగా కాదు, దాహంతో ఉన్న గేదె కుడితి తాగినట్టు. టైర్లలో గాలి చూశాం, పెట్రోలు ఎక్కడైనా కారుతోందేమోనని వాసన చూశాం, గాలి వడపోసే జల్లెడలో పేరుకున్న కొబ్బరిపీచు ధూళి దులిపాం, ప్లగ్గులు విప్పి గీకాం. ఖర్చు లేని వైద్యాలన్నీ అయిపోయాక అమలాపురం షెడ్డుకి తీసుకెళితే, అక్కడి మెకానిక్కులు ఇంజను అరిగిపోయింది, మొత్తం విప్పి బోరు చేయించాల్సిందేనన్నారు. అది మా తాహతుకి మించిన మాట. అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఒకాయన ఉన్నదున్నట్టుగా కొంటానంటే మా వారు ఒప్పుకున్నారు.

కారు ఇవ్వడానికి మంచిరోజు చూడమని ఎవరిని అడుగుతాం? మా మావగారినే అడిగాం. ఆయన పంచాంగం తెప్పించుకుని, కళ్ళజోడు పెట్టుకుని, వచ్చే దశమి బాగుందని చెప్పారు. తన కాళ్ళు తీసుకుపోయే రోజుకి తనే ముహూర్తం పెట్టుకుంటూ కూడా ఆ మనిషి ఒక్క మాట తూలలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. మా వారి మీద కోపం, ఆ కారు మీద అంతకన్నా కోపం.

దశమికి ముందు చివరిసారి ద్రాక్షారామం వెళ్ళిన రోజున, బడికి సెలవు కావడంతో నేనూ వెళ్ళాను. పంటు దిగి ఏటిగట్టు ఎక్కాక అవతలివైపు దిగుడు ఉంటుంది. అక్కడ మా వారు ఎప్పుడూ ఇంజను ఆపేసి, గేరు తీసేసి, పెట్రోలు మిగల్చడానికి కారుని దానంతటదే దొర్లనిచ్చేవారు. మన వయసు వాళ్ళలో కారు తోలినవారు ఎవరు చేయలేదు ఆ పని! ఆ రోజు కారు సగం దిగి ఆగిపోయింది. చూశావా, ఇంజనులో సత్తువ అయిపోయింది, దిగుడు కూడా దిగలేకపోతోందని మా వారు నిట్టూర్చారు. నేనూ తలూపబోయి ఆగాను. ఆపేసిన ఇంజనుకీ దిగుడుకీ ఏమిటి సంబంధం? వాలుబల్ల మీద గోళీ పెట్టి వదిలితే దొర్లాలి, దొర్లకపోతే ఏదో పట్టుకున్నట్టు. ఎనిమిదో తరగతికి ఏటేటా నేను చెప్పే పాఠమే ఇది.

వెంటనే దిగాను. ముందు చక్రాలు బాగానే ఉన్నాయి. వెనక ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టేసరికి సెగ కొట్టింది. నడిరోడ్డు మీద ఆడమనిషి చక్రం పట్టుకుని కూచోవడమేమిటని మా వారు చుట్టూ చూస్తూ నలిగిపోతున్నారు. నీళ్ళు కావాలంటే దగ్గర్లో లేవు, ఉన్నవల్లా మా మావగారి రాగిచెంబులో గోదావరి నీళ్ళే. అవి ఆయన పూజకని పట్టుకున్నవి, నేనెలా అడుగుతాను? ఆయనే చెంబు కిటికీలోంచి అందించారు.

"పొయ్యమ్మా. గోదారి ఎక్కడికీ పోదు, మళ్ళీ పట్టుకుందాం."

పోశాను. అట్లపెనం మీద పోసినట్టు చుయ్యిమంది. అప్పుడు అంతా అర్థమైంది. మా వారు పంటు మీద అంత గట్టిగా లాగిన హ్యాండ్ బ్రేకు, మీట కిందికి దించినా, రేవు బురదా నీళ్ళూ తగిలి తుప్పుపట్టిన తీగ వెనక్కి రాక, చక్రాన్ని అలాగే పట్టుకుని ఉంటోంది. ఇంటికి చేరేలోపు కుదుపులకి ఎప్పుడో మెల్లగా వదులుతోంది కాబోలు. అమలాపురం దారిలో పంటు లేదు, అంత గట్టిగా లాగే పనీ లేదు, అందుకే అక్కడ ఎవరికీ దొరకలేదు.

రేవులో చేపలు దింపి వస్తున్న ఇద్దరు ఆగి, సంగతి విని, ఎక్కడ కొట్టాలో చెప్పమని కారు కిందికి దూరారు. మా వారిని కాలి బ్రేకు మీద కాలు ఉంచమని, నేను మోకాళ్ళ మీద కూచుని తీగ చూపించాను. నాలుగు దెబ్బలకి టక్కుమని వదిలింది. వాళ్ళు బయటికొచ్చాక మా వారు కాలు తీశారు. కారు చడీచప్పుడు లేకుండా దొర్లుకుంటూ, నన్ను గట్టు మీదే వదిలేసి, కింద చింతచెట్టు దాకా వెళ్ళిపోయింది. వెనక అద్దంలోంచి మా మావగారు నా వైపు చూస్తూ పసిపిల్లాడిలా నవ్వుతున్నారు. అంత గర్వం నాకు డిగ్రీ వచ్చిన రోజున కూడా కలగలేదు.

ఆ తిరుగుదారిలో ఎప్పుడూ ఆగే పెట్రోలు బంకు దగ్గర ఆగాల్సిన అవసరమే రాలేదు. కొత్తపేటలోనే తుప్పు గీకించి, తీగ మార్పించాం. దశమినాడు వ్యాపారి తమలపాకులతో సహా వచ్చి కూచుంటే, మా వారు కాఫీ వంకతో వంటింట్లోకి తప్పుకున్నారు. మా మావగారే అందుకున్నారు.

"దశమి మంచిదేనండి. ప్రయాణానికీ మంచిదే. మేం ద్రాక్షారామం వెళ్ళొస్తాం. ఈ బండికి రోగం లేదని మా కోడలు తేల్చేసింది."

వ్యాపారి ఏమీ అనుకోలేదు, గోదావరి మర్యాద కదా. నా వైపు తిరిగి, నెమ్మదిగా అడిగారు.

"ఆయ్, అలాగేనండి. మరి మా లారీ కూడా తెగ తాగేత్తందండి. ఓపాలి చూత్తారేటండి, అమ్మగారూ?"

ఆ తరవాత పంటు మీద హ్యాండ్ బ్రేకు లాగే పని నాదే అయింది. రాళ్ళ కాపలా మాత్రం మా వారు వదులుకోలేదు. ఆ కారులోనే మా మావగారు ఏళ్ళ తరబడి వెళ్ళి పాఠం పూర్తి చేశారు. ముగించిన రోజున విద్యార్థులు ఆయన పాదాలకు నమస్కరిస్తే, ఆయన గుమ్మం పక్కన నిలబడ్డ నన్ను చూపించారు.

"ఆవిడకీ దణ్ణం పెట్టండర్రా. మీ పాఠం ఏటిగట్టు మీద ఆగిపోకుండా చూసింది ఆవిడేను."

ఎందుకో తెలియకుండానే వాళ్ళంతా వంగి దణ్ణం పెట్టారు. వాళ్ళ వెనక మా వారు కూడా చేతులు జోడించి, నేను చూడగానే కండువా సర్దుకున్నట్టు నటించారు.

మా మావగారూ లేరు, మా వారూ లేరు. ఇప్పుడు చాలామంది వంతెనల మీదుగా వెళ్ళిపోతున్నారు, హ్యాండ్ బ్రేకు మీట నొక్కితే పడుతోంది, తనకొచ్చిన జబ్బేదో బండే చెప్పుకుంటోంది. సుఖంగానే ఉంది, కాదనను. కానీ బండి ఎందుకు మొరాయించిందో ఇంట్లో ఎవరికీ తెలియక్కర్లేదు, కనుక్కున్నవాళ్ళని చూసి మురిసిపోవడానికి వెనక సీట్లో ఎవరూ లేరు. నా చేతికి మాత్రం ఆ చక్రం వేడి ఇంకా తెలుసు. ఎవరైనా అడుగుతారేమోనని చూస్తూ ఉంటాను.