ఠాణా బెంచీ మీద పెద్దసారు

మొన్న మహబూబాబాద్ నుంచి మా పెద్దమ్మాయి ఫోన్ చేసింది. అక్కడి బడికి ఈమధ్యే హెడ్మిస్ట్రెస్ అయింది. కష్టకాలంలో బడిలో పనిచేసేవాళ్ల బాగోగులు ఎలా చూసుకోవాలో నేర్పే శిక్షణకు వెళ్లొచ్చిందట. "బాపూ, మీ కాలంల గిసొంటియి ఎవలన్న చెప్పిండ్రా?" అని అడిగింది. చెప్పినవాళ్లు లేరు గాని, చేసినాయన ఒకాయన ఉండేవాడన్నాను.

ఎనభైల మొదట్లో ఘనపూర్ అవతల, భూపాలపల్లి పోయే దారిలో ఉన్న ఒక ఊరి ఉన్నత పాఠశాలలో నేను సైన్సు చెప్పేవాణ్ణి. మా ప్రధానోపాధ్యాయుణ్ణి అందరం పెద్దసారు అనేవాళ్లం. జనగామలో బియ్యం దుకాణమున్న వర్తకుల ఇంటివాడు. అన్నదమ్ములంతా దుకాణంలో కూర్చుంటే ఈయనొక్కడే బడి దారి పట్టాడు. దుకాణం అలవాటు మాత్రం పోలేదు. ఎవరొచ్చినా గిరాకీని కూర్చోబెట్టినట్టు ముందు కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇప్పించి, ఆ తర్వాతే సంగతిలోకి వచ్చేవాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం ప్రార్థనలో చివరి వరుస దాకా వినపడేది.

అవి చెడ్డ రోజులు. అడవిలోంచి నక్సలైటు అన్నలు వచ్చిపోయేవారు, వాళ్లను వెతుక్కుంటూ పోలీసులు వచ్చేవారు. ఎవరో కొత్తవాళ్లు మా బడి వరండాలో పడుకున్నారని తెలిసి, ఆ ఊళ్లోనే కాపురమున్న మా లెక్కల సారును ఠాణాకు పిలిచారు. పొద్దున పోయిన మనిషి పొద్దుగూకాక వచ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు; అడిగిందే మళ్లీ మళ్లీ అడిగారట. కాని మర్నాటి నుంచి జీపు చప్పుడు వినపడితే చాలు, ఆయన చేతిలోని సుద్దముక్క జారిపోయేది.

మేమంతా ఆయన మేలు కోరినవాళ్లమే. అందుకే ఆయన్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. ఒకరు సెలవు పెట్టమన్నారు, ఇంకొకరు బదిలీ పెట్టుకొమ్మన్నారు. డ్రిల్లు సారైతే తాయెత్తు తెచ్చాడు. పెద్దసారు కూడా అందరినీ కూర్చోబెట్టి ధైర్యం గురించి పెద్ద ఉపన్యాసం మొదలుపెట్టాడు. మధ్యలో రోడ్డు మీద జీపు పోయింది. లెక్కల సారు లేచి బయటికి వెళ్లిపోయాడు. పెద్దసారు మాట ఆపి, "నాదే తప్పు. ఆయనకు కావాల్సింది గిది కాదు" అన్నాడు.

మర్నాడు ఆయన్ని తన గదిలోకి పిలిచి, కుర్చీ, మంచినీళ్లు అయ్యాక, ఒక్కటే అడిగాడట: "ఏం జేస్తె నీకు జర నయమైతది?" లెక్కల సారు చెప్పాడు: "రోడ్డు దిక్కున్న గది వద్దు సారు. పాఠం చెప్త. మళ్ల పిలిస్తె మాత్రం ఒక్కణ్ణే పోలేను." ఆ మధ్యాహ్నమే పదో తరగతి బల్లలు వెనక గదిలోకి మారాయి. మాతో పెద్దసారు, "ఆయన్ని ఎవ్వరు ఏం అడగొద్దు. చెప్తె వినుండ్రి. ఇగ బడి నుంచి ఎవల్ని పిలిచినా ఎంబడి నేనొస్త" అన్నాడు.

తర్వాత పిలిచింది నన్నే. నేను లోపల, పెద్దసారు బయట బెంచీ మీద, ఒళ్లో పరీక్ష పేపర్ల కట్ట. "మీరెందుకు సారు, ఇంటికి పోండ్రి" అని జవాను అనడం వినపడింది. "మా సారు లోపలున్నడు. ఆయనొస్తె ఇద్దరం కల్సి పోతం" అన్నాడు పెద్దసారు. కాసేపటికి ఆ జవానే, మా బడిలో చదివే తన కొడుకు ఎట్లా చదువుతున్నాడని అడిగాడు. "మీవోనికి ఒత్తులు రావు!" అని పెద్దసారు ప్రార్థన గొంతుతో చెప్పింది ఠాణా అంతా వినపడింది. నన్ను ప్రశ్నలడుగుతున్న అధికారి నవ్వు ఆపుకోలేక తల వంచుకున్నాడు. ఇంకో రెండు ప్రశ్నలడిగి నన్ను పంపించేశాడు.

అలా ఒకరి తర్వాత ఒకరి వెంట తిరిగి పెద్దసారు చిక్కిపోయాడు. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి పోయేది. వయసులో ఆయనకన్నా పెద్దదైన మా తెలుగు టీచరమ్మ ఒకరోజు అందరి ముందూ అడిగేసింది: "అందరి ఎంబడి మీరు పోతున్నరు. మీ ఎంబడి ఎవలొస్తున్నరు సారు?" పెద్దసారు నవ్వబోయి నవ్వలేకపోయాడు. "నిద్ర పడ్తలేదమ్మా" అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకుందని మాకు తెలియదు.

కొన్నాళ్లకే ఠాణా నుంచి ఆయనకే కబురొచ్చింది. ఎవరు తోడు పోవాలా అని మేం ఒకరి మొహం ఒకరం చూసుకుంటుండగా లెక్కల సారు లేచి చెప్పులేసుకున్నాడు. "నేనొస్త. నడువుండ్రి సారు." దారిలో జీపు చప్పుడైతే ఆయన రోడ్డు దిగి నిలబడ్డాడని పెద్దసారు తర్వాత చెప్పాడు. అయినా తాను బయటికి వచ్చేదాకా మనిషి బెంచీ మీద నుంచి కదల్లేదట.

ఆ వేసవిలో లెక్కల సారు దంతాలపల్లికి బదిలీ చేయించుకున్నాడు. భయపడి పోతున్నాడని ఎవరూ అనలేదు, పెద్దసారే బస్సెక్కించాడు. పెద్దసారు రిటైరై, జనగామ దుకాణంలో కొన్నాళ్లు కూర్చుని, పోయి కూడా చాలా ఏళ్లయింది. అప్పుడు ఆ రోజులు ఎప్పటికీ అయిపోవేమో అనిపించేది. ఇప్పుడు చెప్పబోతే, చేతిలో చాయ్ చల్లారకముందే అయిపోతున్నాయి.